ఏడడుగుల కిచెన్

పోయిన వారం పత్రికను పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఇంతవరకూ తిరిగివ్వని పాఠకుల కోసం ముందుగా నాలుగు ముక్కలు.

ప్రొద్దుటూరు పార్కులో ఉన్నది ఒకే ఒక్క టెన్నిస్ కోర్టు. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా టెన్నిస్, ఏడు నుంచి ఎనిమిది దాకా పికిల్‌బాల్ అని మున్సిపాలిటీ కాగితం ఇచ్చింది. కాగితం వెనకే బోర్డూ వచ్చింది. బోర్డు రాసిన పెయింటరు తెలుగు మీద ప్రేమ పొంగిపోయి 'టెన్నిస్ మరియు ఊరగాయ బంతి మైదానం' అని రాసిపెట్టాడు. ఆ వారంలోనే ముగ్గురు ఆడవాళ్ళు గేటు దగ్గరికొచ్చి గోంగూర పచ్చడి అరకిలో ఎంతని అడిగిపోయారు. టెన్నిస్ వాళ్ళు ఏడున్నరైనా కోర్టు దిగరు. పికిల్‌బాల్ వాళ్ళు ఊరుకోక, తెల్లగీతల మధ్య పసుప్పచ్చ టేపుతో తమ గీతలు అంటించుకున్నారు. గురువారానికి ఆ టేపు మాయమైంది.

ఎవరు పీకారో ఊరికి తెలియదు. మీకూ నాకూ తెలుసు. పీకినవాడు కోర్టు మార్కరు హబీబుల్లా. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఎండకు జిగురు మెత్తబడిన వేళ, చెప్పుల జాడ పడకూడదని ఉత్త కాళ్ళతో కోర్టంతా తిరిగి పీకాడు. టేపు ఊడింది. దానితోపాటు అరికాళ్ళ తోలూ ఊడింది.

ఎందుకు పీకాడంటే, ఈ కొత్త ఆట బ్యాటుకు గట్టు, అంటే తీగల అల్లిక, లేదు గనక.

ఆరో తరగతిలో బడి వదిలేసి బంతులు ఏరడానికి ఈ గేటు లోపలికి వచ్చినవాడు హబీబుల్లా. నలభై ఏళ్ళయింది. గీతలకు సున్నం కొట్టినా, నెట్టు బిగించినా, టెన్నిస్ బ్యాటుకు తీగ అల్లి గట్టు వేసినా అతని చెయ్యే. జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ బస్సు డ్రైవర్లకు ఇచ్చి బ్యాట్లు పంపేవారు. బంతి గీత మీద పడిందా, అవతల పడిందా అన్న తగువొస్తే డాక్టరైనా, లాయరైనా హబీబుల్లా ముఖమే చూసేవాడు. అతను 'ఔట్' అంటే ఔటే. చదువుకున్నవాళ్ళ మధ్య చదువులేనివాడి మాట చెల్లే చోటు ఊరు మొత్తానికి అదొక్కటే. ఇప్పుడొచ్చిన ఆటలో బ్యాటు చూస్తే చపాతీ పీటకు పిడి పెట్టినట్టుంది. తీగ లేదు, అల్లిక లేదు. అది చెడితే పారేసి కొత్తది కొనుక్కోవడమే. మనిషిని కూడా అట్లాగే పారేస్తారని చెప్పడానికి పెద్ద చదువులు అక్కరలేదు. నడుముకు వేలాడే గేటు తాళంచెవిని హబీబుల్లా ఈమధ్య నిద్రలో కూడా తడుముకుంటున్నాడు.

ఇక ఈ వారం సంగతి.

ఆదివారం ఎనిమిది గంటలకు కోర్టులోనే పంచాయితీ పెట్టారు. మధ్యవర్తి పులివెందుల రామసుబ్బయ్య. చీనీ తోటల హద్దుల దగ్గర గెట్టు తగాదాలు తీర్చడంలో ఆయన మాటకు తిరుగులేదు. టెన్నిస్ అంటే ఏమిటో, పికిల్‌బాల్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. అందుకే రెండు వర్గాలూ ఒప్పుకున్నాయి. ఈ దేశంలో తెలియనివాడి తీర్పు మీద ఉన్నంత నమ్మకం తెలిసినవాడి తీర్పు మీద ఎప్పుడూ లేదు.

కుర్చీలు వేశారు గానీ ఆయన కన్ను అంపైరు కూర్చునే ఎత్తు కుర్చీ మీద పడింది. "పెద్దమనిషి కుర్చీ ఇదే గదా?" అంటూ పంచె ఎగగట్టి నిచ్చెన మెట్లు ఎక్కి కూర్చున్నాడు. ఎక్కాక కిందికి చూసి, మోకాళ్ళు తడుముకుని, "దిగే సంగతి దిగేటప్పుడు చూద్దాంలే" అన్నాడు.

టెన్నిస్ వాళ్ళకు పెద్ద జయచంద్రారెడ్డి. అరవై మూడేళ్ళు, జమ్మలమడుగు దగ్గర యాభై ఎకరాలు, కుడి మోకాలికి పట్టీ. పికిల్‌బాల్ వాళ్ళకు పెద్ద భువనేశ్వరి, బాలికల హైస్కూల్లో ఆటల టీచరు. మెడలో ఈల, చేతిలో కాగితం, ఎవరి మాటకూ తొణకని ముఖం.

"ఏమిరా హబీబూ, కుంటుతాండావే?" అన్నాడు జయచంద్రారెడ్డి.

"ముల్లు గుచ్చుకునింది రెడ్డీ."

"రెండు కాళ్ళకా?"

"ముల్లు పెద్దది."

భువనేశ్వరి కాగితం మీంచి తల ఎత్తి ఆ కాళ్ళ వైపు ఒకసారి చూసింది. మళ్ళీ కాగితం చూసుకుంది.

"సరే, మొదులుపెడదాం," అన్నాడు రామసుబ్బయ్య పైనుంచి. "ఈ నేలను ముందు ఎవురు సాగు చేసినారు?"

"మేమే మామా. ముప్పై ఏండ్లుగా మా అనుభవంలో ఉండాది," అన్నాడు జయచంద్రారెడ్డి.

"సాగు చెయ్యడానికి ఇది వేరుశెనగ చేను కాదయ్యా," అంది భువనేశ్వరి. "పార్కు. అందరిదీ."

"అందరిదీ అంటే ఎవురిదీ కాదనే గదమ్మా," అన్నాడు రామసుబ్బయ్య. " దాని మిందనే ఎక్కువ తలకాయలు పగిలేది. ఇంతకీ పోయిన గెట్టు యాడిది?"

భువనేశ్వరి లేచి నెట్టు దగ్గరికి నడిచింది. "నెట్టుకు ఇటొక పట్టీ, అటొక పట్టీ ఉంటాది సార్. దీన్ని కిచెన్ అంటారు."

రామసుబ్బయ్య ముందుకు వంగాడు. కుర్చీ కిర్రుమంది. "కోర్టులో వంటిల్లా?"

"వంట చెయ్యం సార్. దాంట్లో నిలబడి, బంతి కిందపడకముందే దాన్ని కొట్టగూడదు. కొడితే తప్పు."

"మా ఇంట్లో గూడా అంతే మామా," అన్నాడు జయచంద్రారెడ్డి. "వంటింట్లో నిలబడి మాట విసిరినామంటే తప్పే. కిందపడినాక ఏరుకోని పోవాల్సిందే."

అందరూ నవ్వారు. మధ్యవర్తి మటుకు నవ్వలేదు. ఆయన జీవితంలో గెట్టు తగాదా నవ్వులాటగా మొదలై నవ్వులాటగా ముగిసిన దాఖలా లేదు.

"గీతలు యాడుండెనో తెలిస్తే మళ్ళ వేసుకోవచ్చు," అన్నాడు ఆయన. "ఏమప్పా మార్కరూ, నువ్వు పొద్దస్తమానం ఈడనే ఉంటావు గదా. కొలత తెలుసునా?"

"తెలీదు సామీ," అన్నాడు హబీబుల్లా చేతులు కట్టుకుని. "నేను ఆ గీతల పక్క కన్నెత్తి గూడా సూడలేదు."

"నాకు తెలుసులెండి సార్," అంది భువనేశ్వరి. ఆమె కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. ఆ మడత చూసైనా హబీబుల్లా జాగ్రత్తపడి ఉండవలసింది. "నెట్టు నుంచి ఈ పక్క ఎనిమిదిన్నర అడుగులు. ఆ పక్క తొమ్మిది."

హబీబుల్లా కట్టుకున్న చేతులు విప్పాడు. ఒక పక్క ఎనిమిదిన్నర, ఒక పక్క తొమ్మిది! నలభై ఏళ్ళు సున్నం తాడు పట్టుకుని, అర అంగుళం తేడా వస్తే గీత మొత్తం చెరిపి మళ్ళీ కొట్టినవాడు. శత్రువు ఇల్లయినా సరే, గోడ వంకరగా కడుతుంటే తాపీమేస్త్రీ చూస్తూ నిలబడలేడు.

"రాసుకోండప్పా," అన్నాడు రామసుబ్బయ్య. "ఈ పక్క ఎనిమిదిన్నర, ఆ పక్క..."

"యాందీ రాసుకునేది!" హబీబుల్లా గొంతు కోర్టంతా మోగింది. "అది కోర్టా, చిరిగిన పంచెనా మేడం, ఒక కొస పొడుగు ఒక కొస పొట్టీ ఉండేదానికి? ఏడడుగులు! రెండు పక్కలా ఏడడుగులే. వెంట్రుక వాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు!"

పార్కు బయట కారం దోసెల బండి మీద గరిటె చప్పుడు వినిపించింది.

"కన్నెత్తి గూడా సూడలేదంటివే?" అంది భువనేశ్వరి మెల్లగా.

హబీబుల్లా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "అదీ... ఊరికే అన్యాను మేడం. పెండ్లిలో ఏడడుగులు నడుస్తారు గదా. కిచెన్ అంటిరి గదా. పెండ్లయితేనే గదా కిచెన్. ఆ లెక్కన..."

"నీ పెండ్లిలో ఏడడుగులు యాడివిరా?" అన్నాడు జయచంద్రారెడ్డి విస్తుపోయి. "నీది నిఖా గదరా!"

ఈసారి నవ్వు పార్కు ప్రహరీ దాటిపోయింది. వాకింగుకు వచ్చినవాళ్ళు కూడా నడక ఆపి కంచె పట్టుకుని నిలబడ్డారు. రామసుబ్బయ్య చెయ్యెత్తాడు.

"నవ్వులు చాలు. మాట జారినంత మాత్రాన మనిషిని దొంగ అనలేం. ప్రమాణం చెయ్యమందాం. నీకు అన్నిటికంటే విలువైంది ఏందప్పా?"

హబీబుల్లా వెనక్కి తిరిగి చూశాడు. మార్కరు గది గోడకు పాత కొయ్య బ్యాటు ఒకటి వేలాడుతోంది. ఎముకంత తెల్లబడిన పిడి. పదమూడేళ్ళ వయసులో అతను మొదటిసారి గట్టు వేసిన బ్యాటు అది. దాన్ని తెచ్చి చేతిలో పెట్టారు.

"దాని మింద చెయ్యిపెట్టి చెప్పు. ఆ టేపు నేను పీకలేదని."

చెయ్యి పెట్టాడు. తీగలు చల్లగా తగిలాయి. అబద్ధం ఆడటం అతనికి చేతకాక కాదు. ఇంట్లో ఆడతాడు, బజార్లో ఆడతాడు. కానీ ఈ గేటు లోపల, ఈ గీతల మధ్య ఇంతవరకూ ఆడలేదు. ఆడకపోతే తాళంచెవి పోతుంది. ఆడితే ఇన్నేళ్ళ 'ఔట్'లన్నీ పోతాయి.

"నేను..." అన్నాడు. "నేను ఆ టేపును..."

గేటు కిర్రుమంది.

"ఆలస్యమైపాయ మేడం! ఇంట్లో పాలు పొంగిపాయ!" అంటూ ఒక ఆడమనిషి గబగబా లోపలికి వచ్చింది. నల్ల బురఖా, దాని కింద తెల్ల బూట్లు, చేతిలో ఆ చపాతీ పీట బ్యాటు. మొగుడు పనిచేసేది అక్కడేనని ఆమెకు తెలుసు. కానీ ఆదివారాలు ఎనిమిదయ్యేసరికి బ్యాట్లు తెచ్చుకోవడానికి బస్టాండుకు పోతాడు గదా అనుకుంది. మనిషిని చూడగానే ఆగిపోయింది.

హబీబుల్లా భార్య దిల్షాద్‌బీ!

షుగరుందని డాక్టరు నడవమన్నాడని మూడు నెలలుగా పొద్దున్నే బూట్లు వేసుకుని వెళుతోంది. టెన్నిస్ అయిపోగానే అతను ఇంటికి టిఫినుకు పోయే వేళకు సరిగ్గా ఆమె ఇంట్లో ఉండదు. షుగరు బాగా దిగింది. కాకరకాయ రసం మహిమ అని చెప్పింది. నమ్మి, గ్లాసులో మిగిలిన రసం ఇతనూ తాగాడు. ఆ చేదు ఇప్పుడు మళ్ళీ నోటికొచ్చింది.

"నువ్వా?" అన్నాడు.

"నడవమన్నాడు గదండీ డాక్టరు," అంది దిల్షాద్‌బీ. "ఊరికే నడిస్తే పిచ్చిదాని మాదిరి ఉంటాదని..." ఆ మాట అక్కడితో తుంచేసి, పని ఉన్నదానిలా భువనేశ్వరి వైపు తిరిగింది. "మేడం, పిడి జారతాందని మొన్న చెప్తి గదా. ఇప్పుడు చూడండి, గట్టిగా చుట్టుకుంటి."

బ్యాటు పిడి చుట్టూ నీటుగా, వరసగా, పసుప్పచ్చ టేపు.

హబీబుల్లా కళ్ళు మూసుకున్నాడు.

"శానా బాగా చుట్టినావు," అంది భువనేశ్వరి. "యాడిది టేపు?"

"మా ఇంట్లోదే. ఆయన గట్టు పెట్టెలో ఉండలుండలుగా పడుండె. పనికొచ్చేది కాదులే అని సాపు చేసి..." దిల్షాద్‌బీ చుట్టూ చూసింది. ఎత్తు కుర్చీలో ముసలాయన. కొయ్య బ్యాటు మీద మొగుడి చెయ్యి. నలభై మంది నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. ఆమె బ్యాటును మెల్లగా వీపు వెనక దాచుకుంది. "ఏమి, ఏమైంది?"

"ఏం కాలేదమ్మా," అన్నాడు రామసుబ్బయ్య. "పంచాయితీ అయిపోయింది."

"ఒక్క మాట మామా!" జయచంద్రారెడ్డి లేచాడు. మోకాలు పట్టుకుంది, అయినా లేచాడు. "పీకమని చెప్పింది నేను. మావోడు చేస్తే నేను చేసినట్లే."

రెడ్డి చెప్పలేదని హబీబుల్లాకు తెలుసు. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి పండక్కి ఒక పాత చొక్కా ఇచ్చింది లేదు, మంచినీళ్ళు తాగావా అని అడిగింది లేదు. ఈరోజు నలుగురిలో 'మావోడు' అన్నాడు. ఆ మాట ప్రేమతో అన్నాడో పంతంతో అన్నాడో తేల్చుకోలేక హబీబుల్లా చేతిలోని కొయ్య బ్యాటును తిప్పి చూసుకున్నాడు.

రామసుబ్బయ్య గడ్డం గోక్కున్నాడు. "నువ్వు చేసినట్లే అయితే శిక్ష గూడా నీకూ చెందుతాది. వినండి. మా పక్క గెట్టు తెంపినోడే గెట్టు వెయ్యాల. మార్కరూ, టేపు తీసుకో, యాడ పీకినావో ఆడ అంటించు. రెండోది. ఆట తగాదా ఆటతోనే తేలాల. తగాదా పడింది ఏ గీతల కాడ? ఆ గీతల మిందనే ఆట. ఎంతకు గెలుపమ్మా?"

"పదకొండు సార్. ఇద్దరిద్దరు."

"ఆ పక్క జయచంద్ర, మార్కరు. గెలిచినారా, పొద్దున పూట మొత్తం టెన్నిస్సే. పిల్లోల్లు, ఆడోల్లు సాయంత్రం ఆడుకోవల్సిందే. ఓడినారా, ఏడు గంటలకు నోరు మూసుకోని దిగాల. మార్కరు తాళంచెవి మేడం చేతికిచ్చి ఇంటికి పోవల్ల."

"నాకు మోకాలు..." అన్నాడు జయచంద్రారెడ్డి.

"నువ్వు చేసినట్లే అంటివే!"

రెడ్డి కూర్చోబోయినవాడు కూర్చోలేక, నిలబడలేక అట్లాగే ఉండిపోయాడు.

"మీ జత ఎవురమ్మా?"

"దిల్షాద్‌బీ," అంది భువనేశ్వరి. "మూడు నెలలాయ, మాలో ఎవురమూ ఆమెను గెలవలేదు."

హబీబుల్లా కొత్త టేపు చుట్ట తీసుకుని నేల మీద కూర్చున్నాడు. అరికాళ్ళ బొబ్బలు నేలకు ఆనకుండా, మోకాళ్ళ మీద పాక్కుంటూ అన్ని గీతలూ అంటించాడు. తన మెడకు తానే తాడు పేనుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది. వంకరగా అంటించినా అడిగేవాడు లేడు. కానీ చేతులు మాట వినలేదు. కొలబద్ద లేకుండా, కంటి వాటంగా అంటించిన కిచెన్ గీతను భువనేశ్వరి చివరికి కొలత టేపు పెట్టి కొలిచింది. రెండు పక్కలా చూసి, కొలత టేపు చుట్టుకుంటూ, "ఏడే," అంది. ఆ ఒక్క మాటలో ఉన్న గౌరవం హబీబుల్లాకు ఆ కోర్టులో నలభై ఏళ్ళకు గానీ దక్కలేదు. అది కూడా శత్రువు నోటి నుంచి దక్కింది.

తాళంచెవి విప్పి రామసుబ్బయ్య చేతికి అందించాడు. నడుము ఒక్కసారిగా బోసిపోయింది.

ఆట మొదలయ్యే ముందు నెట్టు దగ్గరికి వచ్చి దిల్షాద్‌బీని సైగ చేశాడు. ఆమె వచ్చింది. బురఖా అంచు నడుముకు బిగించి ఉంది.

"నిజంగానే ఆడతావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"పిలిచినారు గదా."

"నా తాళంచెవి ఉండాది దీంట్లో."

"నా ఏడు గంటలు గూడా దీంట్లోనే ఉండాయి." ఆమె నడుము దగ్గర ముడి మళ్ళీ బిగించుకుంది. "ఇల్లు, పొయ్యి, మీ అమ్మ మందులు, మీ టిఫిను. పొద్దున నా పేరు పెట్టి పిలిచేది ఈ గంటే."

ఆమె వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, మళ్ళీ ఆగి చూసింది. కళ్ళలో నవ్వుందో, కోపముందో ఎండ కంట్లో పడి అతనికి కనపడలేదు.

"కిచెన్‌లోకి మటుకు కాలు పెట్టొద్దండి, తప్పంటారు," అంది. "ముప్పై ఏండ్లుగా పెట్టనోల్లు, ఈ పొద్దు కొత్తగా ఎందుకు?"

కంచె అవతల ఆడవాళ్ళ నవ్వు రాళ్ళవానలా కురిసింది.

"సున్నా, సున్నా, రెండు!" అని అరిచింది దిల్షాద్‌బీ బంతి చేతికి తీసుకుని.

"ఆట మొదలే కాలేదు, రెండు యాడిదమ్మా?" అన్నాడు రామసుబ్బయ్య. "అది పాయింటు కాదు సార్, సర్వీసు చేసే మనిషి నంబరు. మొదటి సర్వీసుకు రెండనే అంటారు," అంది భువనేశ్వరి.

ఒళ్ళంతా బొక్కలున్న ప్లాస్టిక్ బంతి లేచింది. హబీబుల్లా అనుకున్నదానికంటే వేగంగా, అనుకున్నదానికంటే లోతుగా వచ్చింది. వెనక్కి జరగబోతే అరికాలి బొబ్బ చిట్లింది. బంతి అతన్ని దాటి, వెనక గీత దగ్గర నేలకు తగిలి, ఎగిరి కంచెకు కొట్టుకుంది.

"ఔట్!" అన్నారు టెన్నిస్ వాళ్ళు ఒక్క గొంతుతో.

"లోపల!" అన్నారు పికిల్‌బాల్ వాళ్ళు.

జయచంద్రారెడ్డి చూడలేదు. ఆయన తన మోకాలు చూసుకుంటున్నాడు. భువనేశ్వరికి నెట్టు అడ్డం. ఎత్తు కుర్చీలో రామసుబ్బయ్య తాళంచెవిని గట్టిగా పట్టుకుని ముందుకు వంగాడు.

సిమెంటు మీద పడిన బంతి టక్కుమంటుంది. టేపు మీద పడిన బంతి చప్పుమంటుంది; గీతను తాకితే లోపలే. ఆ తేడా ప్రొద్దుటూరు మొత్తంలో పోల్చగల చెవులు రెండే.

అతను విన్నాడు. చప్పుమంది.

"నువ్వు చెప్పప్పా మార్కరూ," అన్నాడు రామసుబ్బయ్య. "నీ మాటే ఈడ మాటంట గదా. బంతి లోపలా, బయటా?"

నెట్టు అవతల దిల్షాద్‌బీ కదలకుండా నిలబడి ఉంది. పక్కనే 'మావోడు' అన్న మనిషి తల ఎత్తి చూశాడు. తాళంచెవి ఎండలో తళుక్కుమంది.

హబీబుల్లా నోరు తెరిచాడు. ఏమన్నాడో వచ్చే వారం.